పదిహేడో స్తంభం

పొదిలి దాటి పది పన్నెండు కిలోమీటర్లు పోయాక, రోడ్డుకి ఎడంపక్కన, మిరపచేలకీ పత్తిచేలకీ మధ్య ఒక రాతి మండపం ఉండేది. పదహారు కాళ్ల మండపం అనేవాళ్లు. ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. చెబితే ఆ ఊళ్లో మంచివాళ్లు కూడా తలదించుకోవాలి.

చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపేవాళ్లు కాదు. పగలు లెక్కపెడితే స్తంభాలు పదహారు. రాత్రి లెక్కపెడితే... పదిహేడు.

ఐదారేళ్లుగా ఇదే మాట. ఆ పదిహేడోదానికి కింద పీట ఉండదట. పైన కప్పు తగలదట. చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుందట. కూరగాయల ఆటో నడిపే యేసుపాదం ఒకసారి టైరు పంక్చరై, వానకి తట్టుకోలేక ఆ మండపంలో దూరాడు. అరగంటలో ఆటో అక్కడే వదిలేసి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి పడ్డాడు. "ఒక స్తంభం ఊపిరి తీస్తోందే ఆదెమ్మా!" అని పెళ్లాం చేతులు పట్టుకున్నాడు. తొమ్మిది రోజులు జ్వరం. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తే గానీ లేచి గంజి తాగలేదు.

రాత్రి దెయ్యానికి భయపడేవాళ్లు సరే, పగలు మాత్రం ఆ మండపానికి చెయ్యని పాడు లేదు. అక్కడే ఉచ్చ. అక్కడే సీసాలు. బిర్యానీ తిన్న ప్యాకెట్లు, నమిలి ఉమ్మిన గుట్కా. సరిగా ఎండక బూజుపట్టిన మిరపకాయలు బస్తాలకొద్దీ తెచ్చి అరుగు మీద గుమ్మరించి పోయేవాళ్లు. పైన బండల సందుల్లో గబ్బిలాలు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో ఉలి పట్టి ముత్యాల సరాలు చెక్కిన రాళ్ల మీద ఎన్నికల పోస్టర్లు, వాటి మీద రెట్ట.

రోడ్డు నాలుగు వరసలు చేస్తున్నారు. మండపం అడ్డం. దాన్ని రాయి రాయిగా విప్పి, రోడ్డుకి అవతలపక్క మళ్లీ నిలబెట్టాలని తేల్చారు. ఆ రాళ్లకి అంకెలు వేసే పని ఆరాధనకి వచ్చింది.

ఆరాధనది గుంటూరు. ఇరవై ఏడేళ్లు. డ్రాయింగులు గీసే డిప్లొమా చదివింది. పని తెలిసిన పిల్లే, కానీ కిందటేడు ఇంకో గుడి విప్పినప్పుడు రెండు రాళ్ల అంకెలు తారుమారయ్యాయి. నిలబెట్టేటప్పుడు ఒకటి మధ్యకి పగిలింది. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికి పోవడమేనని ఇంజనీరు మొహం మీదే చెప్పాడు. ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా ఆరలేదు.

ఆమెకి తోడు గౌస్ బాషా. అరవై దాటిన రాతిపనివాడు, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఇద్దరికీ రోజూ మాటల దగ్గరే పేచీ. ఆమె పుస్తకం చూసి "అధిష్ఠానం" అంటే ఆయన "అరుగు" అనేవాడు. ఆమె "కపోతం" అంటే ఆయన "చూరురాయి" అనేవాడు.

"పేరేదైతే ఏందమ్మాయ్," అనేవాడు. "కింద పీట. పీట మీద స్తంభం. స్తంభం నెత్తిన బోదిక. బోదిక మీద దూలం, దూలం మీద కప్పుబండ. మధ్యలో సున్నం లేదు, సిమెంటు లేదు. బరువే వీటిని పట్టుకుంది. ఈ పీటకి ఆ స్తంభం కూర్చోదు. ఈ స్తంభానికి ఆ బోదిక కుదరదు. అందుకే, చేతికి తగిలిన ఏ రాయినీ అంకె లేకుండా వదలమాక."

మూడు రోజులు పట్టి, ముక్కుకి చున్నీ కట్టుకుని, రెట్ట గీకి గీకి, ఆరాధన ప్రతి రాయి మీదా సుద్దతో అంకె వేసింది. రోజుకి పదిసార్లు చేతులు కడుక్కునేది. అయినా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఆ కంపే. సుద్ద అంకెల మీద నాలుగో రోజు తీరిగ్గా పసుపు పెయింటు వేద్దామనుకుంది.

నాలుగో రోజు తుఫాను జల్లు మొదలైంది. బండల సందుల్లోంచి నీళ్లు కారి, స్తంభాల మీది సుద్ద పాలలా కిందికి జారిపోయింది. అదే మధ్యాహ్నం ఇంజనీరు ఫోను — ఎల్లుండి రావాల్సిన క్రేను రేపు పొద్దున ఆరింటికే వస్తోంది.

సాయంత్రం ఐదింటికి వాన బలిసింది. ఇద్దరూ సామాను అరుగు మూల సర్ది, రోడ్డు మీది టీ హోటల్లోకి వెళ్లి కూర్చున్నారు. అక్కడ యలమందయ్య ఉన్నాడు. మండపం వెనకాల పొలం ఆయనదే. మాజీ సర్పంచి. గంజిపెట్టిన తెల్లచొక్కా, తెల్లపంచె. రాళ్లు అవతల పెట్టుకోవడానికి బీడుభూమి ఇచ్చింది ఆయనే.

"పనైపోయినట్టేనామ్మా?" అన్నాడు.

"అయినట్టేనండీ." సుద్ద కారిపోయిందని చెప్పడానికి ఆమెకి సిగ్గేసింది.

"మంచిది. చీకటి పడేలోపు పొదిలి వెళ్లిపోండి. అసలే మంచి చోటు కాదు. మీకు తెలియందేముంది."

ఆయన గొడుగేసుకుని వెళ్లిపోయాడు. వాన కాస్త సన్నబడేసరికి ఏడైంది. ఆరాధన లేచింది.

"పెయింటు ఇప్పుడే వెయ్యాలి బాబాయ్. ఎనిమిదిన్నరలోపు పడకపోతే తెల్లారేసరికి ఆరదు. క్రేను తాడు రుద్దుకుంటే మొత్తం చెరిగిపోద్ది."

బాషా ఆమె ఫోను కేసి చూశాడు. ఛార్జింగు తొమ్మిది శాతం. "దాంతో ఏం చూస్తావ్? నేను పొదిలి పోయి పెద్ద లైటు తెస్తా. అరగంట. అందాకా బయటి వరస చెయ్. లోపలికి మాత్రం పోమాక."

"దెయ్యమా?" అని నవ్వింది.

"పాములమ్మాయ్," అన్నాడు బాషా, నవ్వకుండా.

మండపం లోపల చీకటి తడిగా ఉంది. వాన పడ్డ రెట్ట, నానిన మిరపబూజు, ఉచ్చ — మూడూ కలిసి గొంతులోకి దిగాయి. ఆరాధన చున్నీ రెండు మడతలు వేసి కట్టుకుంది. నాలుగు వరసలు, వరసకి నాలుగు స్తంభాలు. చుట్టూ పన్నెండు, మధ్యలో నాలుగు. స్తంభంలో మూడు రాళ్లు. పీటకొకటి, స్తంభానికొకటి, ముక్కాలిపీట ఎక్కి బోదికకొకటి. ఒకటి... రెండు... మూడు...

ఫోను రాయికి ఆనించి పట్టుకుంటే జానెడు మేర వెలుగు. దాని బయట ఏముందో ఆమె చూడలేదు. చూడదలుచుకోలేదు.

ఏడో స్తంభం దగ్గర ఉండగా చప్పుడైంది.

ఇనుము రాతికి తగిలినట్టు... ఒక్కసారి. అంతే.

"బాబాయ్?"

గబ్బిలాలు కదిలాయి. క్రేను గొలుసు మూల పెట్టాం కదా, జారిందేమో అనుకుంది. ఆ గొలుసు పొద్దుట లారీలో వెనక్కి పంపేశారని గుర్తొచ్చేసరికి ఎనిమిదో స్తంభం చేస్తోంది. ఎనిమిది కాస్తా మూడులా పడింది. ఆగి దిద్దుకుంది.

పన్నెండో బోదిక మీద ఆఖరి గీత గీస్తుండగా ఫోను మోగింది. ఇంజనీరు.

"అయిందా లేదా?"

"నాలుగు మిగిలాయి సార్."

"ఈసారి తేడా వస్తే నన్నేం అడగొద్దు ఆరాధనా. ముందే..."

ఫోను ఆరిపోయింది. దాంతో వెలుగూ పోయింది.

బాషా జాడ లేదు. వాన మళ్లీ అందుకుంది. టైము ఎనిమిది అయ్యుంటుంది. లోపలి నాలుగూ ఎక్కడెక్కడున్నాయో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు, మూడు రోజులు వాటితోనే కాపురం చేసింది. పీటల పనీ బోదికల పనీ బాషా లైటు తెచ్చాక చూసుకోవచ్చు. స్తంభాల మీద పడితే చాలు. డబ్బా ఎడమచేత్తో, కుంచె కుడిచేత్తో పట్టుకుని లోపలికి అడుగేసింది.

లోపల వాసన వేరు.

గబ్బిలాలది కాదు. మిరపకాయలదీ కాదు. పులిసిన అన్నం, మలం, ఎన్నాళ్లుగానో ఉతకని బట్ట... కాలికి ఏదో తగిలి గలగలమంది. సత్తు పళ్లెం. మెతుకులు ఆమె కాలివేళ్ల మధ్యకి ఎక్కాయి, వాటితో పాటు చీమలు. ఛీ! తాగుబోతు వెధవలు! కాలు రాతికేసి రాసి రాసి తుడుచుకుంది.

పదమూడు. పాదంతో పీట తడిమి, అరచేత్తో రాయి తడిమి, గుండె ఎత్తున అంకె వేసింది. చల్లటి రాయి. పద్నాలుగు. దాని మొదట్లో ఇనుప గొలుసు చుట్టి ఉంది. ఎవడో గేదెని కట్టేశాడు కాబోలు. పదిహేను. పదహారు.

అయిపోయింది. గుండెల నిండా గాలి పీల్చుకోబోయి, ఆ గాలి గుర్తొచ్చి ఆగింది. బయటికి వెళదామని తిరిగింది...

భుజానికి స్తంభం తగిలింది.

దారి తప్పి పద్నాలుగో దాని దగ్గరికే వచ్చాననుకుంది. తడిమింది. గోనె. రాయి చుట్టూ గోనె చుట్టి ఉంది. తాడు ఒరుసుకోకుండా స్తంభాలకి గోనెపట్టా కట్టడం బాషా అలవాటే. కానీ కట్టేది పొద్దున కదా? పెయింటు తడి కోసం తడిమింది. లేదు. అంటే దీనికి అంకె వెయ్యలేదు. అంటే లోపలి నాలుగింట్లో ఒకదానికి రెండుసార్లు వేసింది.

ఆమెకి ఒళ్లంతా చెమట పట్టింది. దెయ్యం గుర్తొచ్చి కాదు. పగిలిన రాయి గుర్తొచ్చి.

మళ్లీ చుట్టు తిరిగింది. పదమూడు, వేలికి తడి. పద్నాలుగు, తడి. పదిహేను, తడి. పదహారు, తడి. నాలుగూ వేరు వేరు చోట్ల, నాలుగింటికీ పీటలున్నాయి.

మళ్లీ గోనె.

రోడ్డు మీద మిరప లారీ ఒకటి పోయింది. దాని లైట్లు వానలోంచి మండపంలోకి దూరి, స్తంభాల నీడలు కప్పు మీద గబగబా పరుగెత్తాయి. వెడల్పాటి నీడలు... వెడల్పాటివి... ఒక్కటి మాత్రం సన్నం. అది కప్పుదాకా పోలేదు.

చీకటి.

ఆరాధన అక్కడే నిలబడింది. పరుగెత్తాలనిపించింది. రేపు పొద్దున ఇంజనీరు అడిగితే ఏం చెప్పాలి? పదిహేడో స్తంభం చూసి పారిపోయానని చెప్పాలా? చేతికి తగిలిన ఏ రాయినీ వదలొద్దన్నాడు బాషా. పిచ్చి మొండితనం అది, మరేం కాదు. కుంచె డబ్బాలో ముంచి, గోనె మీద గుండె ఎత్తున వేసింది. ఒకటి... ఏడు.

గోనె కింద మెత్తగా ఉంది. కుంచె కదిలినప్పుడల్లా లోపలికి పోయి బయటికి వస్తోంది.

పీట కోసం పాదం చాపింది. పీట లేదు. పాదం కింద ఏదో జిగటగా, వెచ్చగా... వెనక్కి జరిగింది.

చెయ్యి అలవాటుగా పైకి పోయింది, బోదిక ఎక్కడుందో చూడటానికి. గోనె అయిపోయింది. ఆ పైన రాయి లేదు. అట్టలు కట్టిన జుట్టు. తడి. ఆ తడిలో వేళ్ల సందున ఏవో పాకుతున్నాయి.

"కదల్లేదమ్మా..."

చెవి పక్కనే, గుసగుసగా.

"నేను కదల్లేదు... కొట్టమాకండి."

ఆరాధన ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలీదు. అరుగు అంచున మోకాళ్ల మీద పడి, చున్నీ పీకేసి భళ్లున కక్కింది. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు కక్కింది. వేళ్లు రాతికేసి రుద్దింది. చర్మం లేచినా ఆపలేదు.

పొలం వైపు నుంచి టార్చిలైటు వచ్చింది. వెనకాల గొడుగు. తెల్లపంచె.

"ఎన్ని వచ్చాయమ్మా?" అన్నాడు యలమందయ్య, నింపాదిగా.

ఆమె మూతి తుడుచుకుంది. "పదిహేడు."

"పదహారే రాసుకోండి. ఆ పదిహేడోది మాది. తెల్లారేలోపు తీసేస్తాం."

టార్చి లోపలికి వేశాడు. ఆరాధన చూసింది. ముప్పై ఏళ్ల మనిషి. తలకీ చేతులకీ కంతలు కోసిన గోనెసంచి తొడుక్కుని, చేతులు ఒంటికి అతికించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడ్డాడు. చీలమండ చుట్టూ పుండు. పుండు మీద గొలుసు. ఆ గొలుసు రెండో కొస పద్నాలుగో స్తంభానికి. గుండె మీద పసుపుపచ్చగా, ఆమె చేత్తో వేసిన అంకె.

"మా తమ్ముడి కొడుకు. బాగా చదివేవాడే, బుర్ర తిరిగింది," అన్నాడు యలమందయ్య. "రాత్రయితే కేకలు. చుట్టాలొచ్చే ఇల్లు, ఎక్కడని దాస్తాం? పగలు పొలంలోని మోటారు కొట్టులో నిద్రపోతాడు. రాత్రి కరెంటొస్తే అక్కడికి మనుషులొస్తారు. మీరు వెళ్లిపోయారనుకుని పాలేరు ఎప్పట్లాగే తెచ్చి కట్టేశాడు."

"అలా నిలబడ్డాడేంటి?"

"నేర్పాం. ఎవరన్నా వస్తే స్తంభంలా నిలబడాలని. వాడి మంచికే. కదిలితే తాగినోళ్లు రాళ్లేస్తారు." గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మొదట్లో వినేవాడు కాదు. నాలుగు తగిలాక వచ్చింది. ఇప్పుడు రాయే."

ఆరాధనకి మళ్లీ రోత పుట్టింది. ఈసారి ఆ అట్టలు కట్టిన జుట్టుకి కాదు. ఇస్త్రీ మడత చెదరని ఆ పంచెకి, దాని మీద సన్నగా వచ్చే అత్తరు వాసనకి. మూడు రోజులు ఈ మనిషి తెప్పించిన టీ తాగింది. ఊరంతా భయపడి చుట్టూ తిరిగిపోయింది గానీ ఒక్కడూ లైటు వేసి చూడలేదు. యేసుపాదానికి ఊపిరి వినపడింది, అయినా పరుగెత్తాడు. తనూ అంకె వేసిందే గానీ, మనిషా అని అడగలేదు. అందరి మీదా అసహ్యం వేసింది. తన మీద ఇంకా ఎక్కువ వేసింది.

"తాళంచెవి ఇవ్వండి."

"ఈ ఒక్క రాత్రేనమ్మా. రేపట్నుంచి వేరే చోటు చూసుకుంటాం."

"తాళంచెవి ఇవ్వండి! రేపు క్రేను రాదు. ఇక్కడ మనిషి ఉన్నాడని రాస్తాను. మనిషి ఉంటే ఒక్క రాయి కూడా కదపరు."

"మీ ఇంజనీరు నాకు తెలుసు," అన్నాడాయన, గొంతు తగ్గించి. "కిందటేడు రాయి పగలగొట్టింది నువ్వేనంటగా. ఉద్యోగం చేసుకోవాలనుందా లేదా?"

"లేదు. పోయి చెప్పుకో."

బాషా మోటారుసైకిలు అరుగు దగ్గర ఆగింది. పెద్ద లైటు పట్టుకుని దిగిన ముసలాయన, లోపలికి చూసి, "యా అల్లా" అని అక్కడే ఆగిపోయాడు.

"బాబాయ్, పోలీసులకి ఫోన్ చెయ్. ఈయన్ని కదలనివ్వమాక," అంది ఆరాధన.

లోపలికి నడిచింది. మెతుకులు తొక్కింది, రెట్ట తొక్కింది. అతని ముందు నిలబడింది. అతను ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"అన్నా, కూర్చో."

కదల్లేదు.

"ఎవరూ కొట్టరు. కూర్చో."

పెదాలు కొంచెం విడ్డాయి. కళ్లు మాత్రం కప్పుబండ మీదే ఉన్నాయి.

"తెల్లారిందా అమ్మా?"

బయట ఎనిమిదిన్నర కూడా కాలేదు. వాన. కాటుక చీకటి. ఆరాధన అతని చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది, జిగటగా ఉంది, వదల్లేదు.

"తెల్లారిందన్నా," అంది. "కూర్చో."

అతను పద్నాలుగో స్తంభానికి వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి, పీట మీద కూర్చున్నాడు.